విడాకులు: ఇద్దరూ ఒప్పుకుని తీసుకునేదా, కోర్టులో కొట్లాడేదా, ఏది మేలు?

మా ఇంట్లో రెండూ చూసినాం కాబట్టి చెప్తాన్నా. మా చెల్లెలిది అనంతపురం ఫ్యామిలీ కోర్టులో కంటెస్టెడ్ కేసు, అంటే కోర్టులో కొట్లాడేది, నాలుగేండ్లు నడిచింది. మా పెద్దనాయన కొడుకుది కడపలో మ్యూచువల్, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునేది, ఏడాది తిరక్కుండానే అయిపోయింది. నన్ను అడిగితే మ్యూచువలే మేలంటా, కానీ భరణం, బంగారం, పిల్లలు ఈ మూడు సంగతులూ కాగితం మీదికి ఎక్కినాకే సంతకం పెట్టాల.

మ్యూచువల్ అంటే హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్. ఏడాదిగా విడిగా ఉండాల, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాల, ఆర్నెల్లు ఆగి మళ్ళీ పోయి అదే మాట చెప్పాల, 18 నెలలు దాటనీయకూడదు. ఆ ఆర్నెల్లు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, రాజీ కుదరక, లెక్కలన్నీ తేలిపోయింటే మాఫీ అడగొచ్చు. మా అన్నోళ్ళు అట్లే అడిగినారు, జడ్జి ఒప్పుకున్నారు, మొత్తం మీద కోర్టుకు పోయింది నాలుగుసార్లే.

దీంట్లో భయం ఒకటుంది. డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, వచ్చేదాకా ఇద్దర్లో ఎవరైనా మాట వెనక్కి తీసుకోవచ్చు. మాకు తెలిసిన ఒకామెకు సగం డబ్బిచ్చి రెండోసారి కోర్టుకు రాకుండా ఎగ్గొట్టినాడు, మళ్ళీ మొదటికొచ్చింది ఆమె కథ. అందుకే డబ్బు డీడీగా, రెండో మోషన్ రోజు, అంటే రెండోసారి పోయి ఒప్పుకున్నామని చెప్పే రోజు, కోర్టులోనే చేతికొచ్చేట్టు రాయించుకోండి. ఇంకోటి, ఇద్దరికీ కలిపి ఒకే లాయరు చాలులే అంటారు, ఆడపిల్ల తరపున కాగితం చదివే మనిషి వేరేగా ఉండాల్సిందే.

కంటెస్టెడ్‌లో కారణం రుజువు చేయాల. క్రూరత్వం, రెండేండ్లుగా వదిలేయడం, వేరే సంబంధం ఇట్లాంటివి. నోటీసు, కౌంటరు (అవతలోళ్ళ జవాబు), కౌన్సెలింగ్, తర్వాత సాక్ష్యం, క్రాసు (అవతలి లాయరు ప్రశ్నలు అడిగేది). ఒక్కో వాయిదాకి మా నాయన చేనుపని ఇడిసిపెట్టి వచ్చేది, పోతే అవతలి లాయరు టైం అడిగేది. క్రాసులో మా చెల్లెల్ని అడిగిన ప్రశ్నలు తల్చుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతాది. విచారణ బయటోళ్ళు లేకుండా జరపాలని చట్టంలో 22వ సెక్షనే ఉంది, మాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు, మీరు తెలుసుకొని అడగండి.

అయినా కొందరికి ఇదే దారి. మా బావ ఒప్పుకోలేదు, చెయ్యి చేసుకున్నాడు, జీతం దాచినాడు, అట్లాంటోని దగ్గర సంతకం కోసం కూర్చుంటే జీవితం పోతాది. కేసు అనంతపురంలోనే వేసినాం, వాళ్ళది బెంగుళూరైనా సరే, 2003 నుంచి భార్య తానుండే చోట వేసుకోవచ్చు. కేసు నడుస్తుండంగానే 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడిగినాం, ఆస్తి ఆదాయాల అఫిడవిట్ ఇద్దరూ ఇయ్యాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి దాచిన జీతం బయటపడింది. మధ్యలో అవతలోళ్ళు దిగొస్తే అదే కేసుని మ్యూచువల్‌గా మార్చుకోవచ్చు, పంతానికి పోవద్దు.

మన పక్క పెద్దమనుషులు స్టాంపు పేపరు మీద రాసిచ్చే విడిపోయే కాగితం ఉంది చూడండి, దాన్ని నమ్ముకొని రెండో పెళ్ళి చేసుకోవద్దు. కులాచారం ప్రకారం విడాకులుంటే చట్టం కాదనదు గానీ ఆ ఆచారం ఉందని కోర్టులో నిరూపించుకోవాల, అది చిన్న పని కాదు. ముస్లింలకీ క్రైస్తవులకీ చట్టాలు వేరు, వాళ్ళు ఆ లెక్కలు తెలిసిన లాయరుని పట్టుకోవాల.

డబ్బుల్లేవని ఆగొద్దు. ఆడోళ్ళకి ఎంత ఆదాయమున్నా ఉచిత లాయరు హక్కు, 1987 చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు దగ్గరే ఉంటాది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ప్రైవేటు లాయరైతే ఫీజు మొత్తం ఎంతో, వాయిదాకింతా కాదా అనేది ముందే తేల్చుకోండి.

డిక్రీ వచ్చినరోజే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేసి రెండు మూడు తీసిపెట్టుకోండి. మా చెల్లెలు ఒకటే తీసింది, పాస్‌పోర్టు పనికి మళ్ళీ కోర్టు చుట్టూ తిరగాల్సొచ్చింది.