“సీల్ తియ్యని ఒరిజినల్” అంటే నమ్మి కొనకండి: కలోనియల్ కజిన్స్ క్యాసెట్‌తో నాకు తగిలిన దెబ్బ

పాత క్యాసెట్లు, సీడీలు ఆన్‌లైన్‌లో వెతుక్కుని కొనేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. హరిహరన్, లెస్లీ లూయిస్ జంటగా చేసిన మొదటి పాప్ ఆల్బమ్ ‘కలోనియల్ కజిన్స్’ (1996, మాగ్నాసౌండ్) క్యాసెట్టూ సీడీ కలిపి 3,450 రూపాయలు పోసి కొన్నాను. రెండూ దొంగ సరుకే. అమ్మినవాడి పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మీకు పనికిరాదు, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

అంత డబ్బు పెట్టి ఈ ఆల్బమే ఎందుకంటే, ఇది మా అక్క కథ. అక్క చిన్నప్పుడు డాన్స్ క్లాసులో ‘కృష్ణా నీ బేగనే బారో’ నేర్చుకుంది. వ్యాసరాయల కీర్తన, కన్నడం, యమునాకల్యాణి రాగం. (శ్రీకృష్ణదేవరాయలకి గురువు ఈ వ్యాసరాయలే, కాబట్టి ఆ పాట మీద మనకీ కాస్త హక్కుందని అక్క వాదన.) అలాంటి పాట ఒకరోజు టీవీలో గిటార్‌తో, మధ్యమధ్య ఇంగ్లీషు చరణాలతో వినపడింది. అమ్మ “అపచారం” అంది. అక్క మర్నాడే క్యాసెట్ కొనుక్కుంది. కాకినాడ హాస్టల్లో గదంతా ఆ పాటలే. రూమ్మేట్ “రెండ్రోజుల్లో ఇస్తానే” అని పట్టుకెళ్లింది. 1997 నుంచి ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ఈ ఏడాది అక్కకి యాభై నిండాయి. బావ అటక మీది టేప్ రికార్డర్ దింపి బెల్టులు మార్పించాడు. క్యాసెట్ తెచ్చే పని నాకు పడింది.

పాత వస్తువులు అమ్మే ఒక సైట్‌లో దొరికింది. “ఫ్యాక్టరీ సీల్డ్, ఫస్ట్ ప్రింట్, 100 శాతం ఒరిజినల్.” క్యాసెట్ 1,250. ఫొటో చూస్తే అనుమానమే రాదు, కవరు ఎడమ పక్క కింది మూలలో పెట్టె మీద ఒక గీత కూడా స్పష్టంగా కనిపిస్తోంది. సరే అని సైట్‌లోనే కట్టేశాను. ఆ సాయంత్రమే ఫోన్. “సార్, ఇదే ఆల్బమ్ సీడీ కూడా ఉంది, 2,400. సైట్‌లో పెడితే వాళ్లకి కమీషన్ పోతుంది, మీరు డైరెక్టుగా క్యూఆర్ స్కాన్ చేస్తే 2,200కి ఇచ్చేస్తా.” నాకు మర్యాదస్తుడిలా అనిపించాడు. రెండొందలు కలిసొస్తున్నాయి కదా అని స్కాన్ చేశాను. ఆ రెండొందల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పార్సెల్ వచ్చింది. రెంటికీ నున్నగా ప్లాస్టిక్ సీల్. గిఫ్టు కదా, మనం విప్పితే ఏం బాగుంటుందని అలాగే ఉంచాను. పుట్టినరోజు నాడు అందరి ముందూ అక్క గోటితో ఆ ప్లాస్టిక్ చీల్చింది, టేప్ రికార్డర్‌లో వేసింది, కళ్లు మూసుకుంది. పాట బాగానే మొదలైంది. హరిహరన్ ఆలాపన ఎత్తుకున్నాడు. సరిగ్గా అక్కడ “టింగ్!”

అక్క ఫోన్ తడుముకుంది. బావా తడుముకున్నాడు. మా మేనల్లుడు ఒక్కడే “అది క్యాసెట్లోంచి వచ్చింది మామయ్యా” అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ వేశాం. మళ్లీ అక్కడే టింగ్. 1996 నాటి రికార్డింగులో మొబైల్‌కి మెసేజ్ వచ్చిన చప్పుడు! ఎవడో తన ఫోన్‌లో పాటలు పెట్టి, వైరు తగిలించి ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించాడు. ఆ మధ్యలో వాడికెవరో మెసేజ్ పెట్టారు.

అప్పుడు క్యాసెట్ బయటికి తీసి లైటు కింద పెట్టి చూశాను. ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా చదవండి, మీకు డబ్బు మిగిలేది ఇక్కడే.

క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో చిన్న చదరపు గుంటలుంటాయి. ఖాళీ క్యాసెట్ కొంటే వాటి మీద ప్లాస్టిక్ రేకులుంటాయి, పాట చెరిగిపోకుండా మనం పెన్నుతో విరగ్గొట్టేవాళ్లం గుర్తుందా, అవి. కంపెనీ పాటలు నింపి అమ్మిన క్యాసెట్లకి మామూలుగా ఆ రేకులు మొదట్నుంచే ఉండవు, గుంట అంచులు నున్నగా ఉంటాయి. నాకొచ్చినదానిలో అంచు గరుకుగా, విరిగిన చోట ప్లాస్టిక్ తెల్లబడి ఉంది. అంటే ఖాళీ క్యాసెట్ తెచ్చి, పాటలెక్కించి, రేకు విరిచారు.

రెండోది రీలు పొడవు. కంపెనీవాళ్లు పాటల నిడివికి తగ్గట్టే రీలు చుడతారు, చివరి పాట అయ్యాక కాసేపటికే టక్కున ఆగుతుంది. నాది ఆగలేదు. పాటలు అయిపోయాక బావ కాఫీ తాగి, పేపర్ చదివినా ఇంకా బుస్సుమంటూ తిరుగుతూనే ఉంది. గంటో గంటన్నరో పట్టే ఖాళీ క్యాసెట్ అన్నమాట.

ఇక కవరు. గుంటూరులో ఒక స్నేహితుడి దగ్గర అసలు క్యాసెట్ ఉంటే ఫొటో తెప్పించుకున్నాను. నా కవరు మీది చిన్న అక్షరాలు భూతద్దంలో చూస్తే చుక్కలు చుక్కలుగా అలుక్కుపోయాయి, స్కాన్ చేసి ప్రింట్ తీసినట్టు. పైగా తయారీదారు చిరునామా ఉండాల్సిన చోట మడత పెట్టి కత్తిరించేశారు. ఇది చిన్న విషయం కాదు. మన కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం పాటల క్యాసెట్ గానీ సీడీ గానీ అమ్మితే, రికార్డింగ్ చేసినవాళ్ల పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన ఏడాది దాని మీదా పెట్టె మీదా ఉండాల్సిందే. కొనేముందు ఆ భాగం దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. “సీల్ ఉంది సార్, కుదరదు” అంటే ఆ బేరం వదిలేయండి.

సీడీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తిరగేస్తే అడుగు భాగం లేత ఆకుపచ్చ. ఫ్యాక్టరీలో అచ్చు కొట్టిన సీడీ వెండిలా ఉంటుంది. కంప్యూటర్‌లో రాసిన సీడీ మీద పాటలు ఎక్కడిదాకా రాశారో అక్కడ గుండ్రంగా రంగు మారిన హద్దు కూడా కనిపిస్తుంది. ఎండలో పట్టుకుంటే పదేళ్ల పిల్లాడు చెప్తాడు. కానీ సీల్ తియ్యందే ఎలా తిరగేస్తాం?

మోసమంతా ఆ సీల్‌లోనే ఉంది. వస్తువుని కాపాడ్డానికి కాదు అది, మనం చూడకుండా ఉండడానికి. ఫోన్ చేస్తే అమ్మినవాడు కంగారు కూడా పడలేదు. “సార్, సీల్ మీరే కోశారు కదా, లోపల మీరు మార్చలేదని గ్యారంటీ ఏంటి?” నాకు నోట మాట రాలేదు. ఇంట్లో తెరిచేటప్పుడు బావ వీడియో తీశాడు గనక బతికిపోయాను, లేకపోతే నేనే దొంగని. ఆ కాలం క్యాసెట్లకి ఎక్కువగా సిగరెట్ పెట్టెలా చివర్లు మడిచి అంటించిన పల్చటి కాయితంలాంటి ప్యాకింగ్ ఉండేది. నాకొచ్చిన సీల్ వేడి గాలికి ముడుచుకుని, గాలి పోవడానికి చిన్న చిన్న చిల్లులున్న ప్లాస్టిక్. ఆ రోల్, వేడి గాలి మెషిన్ ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇలాంటప్పుడు మిల్లీ వనిల్లీ అనే పాప్ పాటల జంట గుర్తొస్తుంది. వాళ్ల మొదటి ఆల్బమ్ 1988లో యూరప్‌లో, 1989లో మరో పేరుతో అమెరికాలో వచ్చింది. 1990లో గ్రామీ ఇచ్చారు, పాడింది వాళ్లు కాదని బయటపడి అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. కొన్నవాళ్లు కోర్టుకెళ్తే కొంత సొమ్ము వెనక్కిచ్చే ఒప్పందం కూడా జరిగింది. పాపం ఆ కొన్నవాళ్లకి కవరు అసలుది, గొంతు నకిలీ. నాకు గొంతు అసలుదే, మిగతాదంతా నకిలీ.

డబ్బు సంగతి. క్యాసెట్‌కి సైట్‌లోనే కట్టాను కాబట్టి ఫిర్యాదు పెట్టడానికి చోటుంది. మొదట సైట్‌వాళ్లూ “సీల్ తీసిన వస్తువు వాపసు లేదు” అనే అన్నారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఆ మాట రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అక్కడా నమోదు చేయించి, ఆ నంబరు, వీడియో, విరిగిన రేకు ఫొటో, టింగ్ ఆడియో అన్నీ పంపాను. పంతొమ్మిదో రోజు 1,250 వెనక్కొచ్చాయి.

సీడీ 2,200 మాత్రం నీళ్లొదులుకున్నట్టే. క్యూఆర్‌తో బయట కట్టిన డబ్బుకి సైట్‌కి సంబంధం లేదన్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి రాయించాను, నాలుగు రోజులు ఆలస్యంగా. ఇలాంటివి జరిగిన గంటల్లోనే చెయ్యాలట. రెండొందలు మిగుల్చుకుందామని రెండు వేల రెండొందలు పోగొట్టుకున్నానని బావ ఇప్పటికి ఆరుసార్లు లెక్క చెప్పాడు.

ఆ క్యాసెట్‌ని సైట్‌వాళ్లు వెనక్కి అడగలేదు. అక్క దగ్గరే ఉంది. పారేయమంటే వినదు, టింగ్ దగ్గరకొచ్చేసరికి నా వైపు చూసి నవ్వుతుంది.

నిన్న రాత్రి ఊరికే వెతికాను. అదే ఆల్బమ్, వేరే పేరుతో అకౌంట్, ఊరు కూడా వేరే. “ఫ్యాక్టరీ సీల్డ్, ఒక్కటే ఉంది, త్వరపడండి.” ధర 1,650కి పెంచాడు. ఫొటో పెద్దది చేసి చూశాను. ఎడమ పక్క కింది మూలలో అదే గీత.