నమీబియా ఎడారి యాత్ర: గది కన్నా ముందు గేటు చూసుకోండి

నమీబియాలో జంతువులు ఎండకి తలవంచి బతుకుతాయి. తెల్లారుజామున, పొద్దుగూకాక, రాత్రిళ్లు తిరుగుతాయి. పార్కు గేట్లేమో సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు. అందుకే గేటు బయట ఎంత ఖరీదైన లాడ్జి తీసుకున్నా అసలైన గంటలు చేజారిపోతాయి.

నమీబ్ ఎడారి దిబ్బలకి వెళ్లే గేటున్న సెస్రియెమ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. గేటు లోపల బస చేసినవాళ్లని, డేరాల వాళ్లతో సహా, సూర్యోదయానికి ముందే దిబ్బల మధ్య ఎండు మడుగైన సోసుస్‌వ్లెయ్ దారిలోకి వదులుతారు. అరవై కిలోమీటర్లు తారు రోడ్డు, చివరి ఐదు ఒట్టి ఇసుక. మామూలు కారైతే తారు అయిపోయిన చోట ఆపి షటిల్ ఎక్కాలి. ఫోర్ వీల్ బండే అయినా టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా దించకుండా దిగితే కూరుకుపోతుంది. గాలి తగ్గితేనే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. మధ్యలో బ్రేకు వేయకండి. మళ్లీ తారు ఎక్కాక గాలి నింపాలి కాబట్టి అద్దె బండితోపాటు కంప్రెసర్ అడిగి తీసుకోండి.

ఇక్కడ చూడాల్సింది ఓరిక్స్ అనే పొడవాటి కొమ్ముల జింక జాతి జంతువు. మిట్టమధ్యాహ్నం నీడ దొరక్కపోతే దిబ్బ మీద గాలి తగిలే చోట నిలబడిపోతుంది. చెమట పట్టనిస్తే నీళ్లు ఖర్చు కదా, అందుకని ఒళ్లు వేడెక్కనిస్తుంది. శరీర ఉష్ణోగ్రత 45 డిగ్రీలకి చేరినా తట్టుకుని, ఆ వేడిని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. ముక్కులో చల్లబడిన రక్తం మెదడు కింది సన్నటి నాళాల వల దగ్గరికి వచ్చి, పైకెళ్లే రక్తం వేడిని లాగేస్తుంది. తెల్లటి పొట్ట నేల నుంచి ఎగదన్నే వేడిని వెనక్కి కొడుతుంది. మేత కూడా రాత్రే ఎక్కువ. ఎండుగడ్డి అప్పుడు గాలిలోని తేమ పీల్చుకుని ఉంటుంది.

సముద్ర తీరపు పట్టణం స్వాకోప్‌మండ్‌లో బస ఊళ్లో ఎక్కడైనా ఒకటే, డబ్బు గైడ్ మీద పెట్టండి. ఇసుక దిబ్బల్లోని చిన్న ప్రాణులని చూపించే ఉదయపు టూర్లు ఒంటిపూటలో అయిపోతాయి. చల్లటి బెంగ్వెలా సముద్ర ప్రవాహం వల్ల తీరమంతా పొగమంచు కమ్ముకుంటుంది, స్వెట్టర్ తప్పనిసరి. అలాంటి పొద్దున బొటనవేలి గోరంత నల్ల పెంకు పురుగు దిబ్బ అంచుకెక్కి తల కిందికి, వెనక భాగం పైకి పెట్టి నిలబడుతుంది. వీపు మీద పేరుకున్న మంచు బొట్లు జారి సరాసరి నోట్లోకి. మంచు లేని రోజు ఈ విద్య కనిపించదు, గైడ్‌ని తప్పుపట్టి లాభం లేదు. జానెడు పొడవుండే పింజరి జాతి పాము మాత్రం ఇసుకలో కప్పెట్టుకుని ఉంటుంది. కళ్లు నడినెత్తిన ఉంటాయి కాబట్టి అవి బయటుంటే చాలు, వేట సాగుతుంది. ఊసరవెల్లి పొద్దున ఎండ పీల్చుకోవడానికి నల్లబడి, వేడెక్కాక పాలిపోతుంది. క్వాడ్ బైక్ సరదా ఇక్కడ వద్దనే చెబుతాం, టైరు కింద పడేవి ఇలాంటివే.

ఉత్తరాన ఉన్న ఎటోషా జాతీయ పార్కుకి జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్లాలి. వానలు పడ్డాక ఎక్కడ చూసినా నీళ్లే, జంతువులు చెల్లాచెదురవుతాయి. ఒకౌకుయెజో క్యాంపులో రెండు రాత్రులు పెట్టుకోండి. రాత్రంతా దీపాలు వెలిగే నీటి గుంట దగ్గరికి నల్ల ఖడ్గమృగాలు ఎక్కువగా చీకటిపడ్డాకే వస్తాయి. గుంట పక్క గదులకి అదనంగా పోయడం దండగ. మామూలు గదిలో దిగి బెంచీ దాకా నడిచినా అదే దృశ్యం. పక్షుల్లో సాండ్‌గ్రౌస్‌ని వదలొద్దు. మగది పొట్ట నీళ్లలో ఆనించి కూర్చుని ఈకలు నానబెట్టుకుంటుంది. కిలోమీటర్ల దూరం ఎగిరి గూటికి చేరాక పిల్లలు ఆ ఈకల్లోంచే నీళ్లు పీల్చుకుంటాయి.

వాయవ్యాన ఉన్న డమారాలాండ్ ఎడారి ఏనుగులు వేరే జాతేమీ కావు. ఎండిన ఏటి ఇసుకలో కాళ్లతో, తొండంతో చెలమ తవ్వుకుని తాగుతాయి. నీళ్లెక్కడున్నాయో పెద్ద ఆడ ఏనుగులకి గుర్తుంటుంది. ఏటి అడుగున సొంతంగా బండి నడపకండి. ఇరుకులో ఏనుగు ఎదురైతే తిప్పుకునే చోటుండదు.

దారులు చాలావరకు కంకరే. 80 దాటితే బండి పట్టు తప్పుతుంది, పదునైన రాళ్లకి టైర్లు పోతాయి. స్పేర్లు రెండు ఉండాలి. శాకాహారులు బియ్యం, పప్పు, కూరగాయలు రాజధాని విండ్‌హోక్‌లోనే కొనుక్కోవాలి. మాంసం వండుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: పశువుల రోగాలు పాకకుండా దేశానికి అడ్డంగా వేసిన పశువైద్య కంచె దాటి ఉత్తరం నుంచి దక్షిణానికి పచ్చి మాంసం తేనివ్వరు, చెక్‌పోస్టులో తీసేసుకుంటారు.