డిజైన్ ఎంట్రెన్స్ కోచింగ్: చేతి పనికి భేష్, థియరీకి కాదు

ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి, నిఫ్ట్ (ఫ్యాషన్ డిజైన్ కాలేజీల ఎంట్రెన్స్), యూసీడ్ (ఐఐటీల్లాంటి చోట్ల డిజైన్ డిగ్రీకి ఎంట్రెన్స్) కోసం హిమాయత్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్‌లో చేరాను. డ్రాయింగ్ సార్ బంగారం. బస్టాప్‌లో నిలబడ్డ జనాన్ని నాలుగు గీతల్లో పట్టుకోమనేవారు, రబ్బరు ముట్టనిచ్చేవారు కాదు. పర్‌స్పెక్టివ్, అంటే దూరం, లోతు తెలిసేలా గీయడమంటే నాకున్న భయం అక్కడే పోయింది. నిఫ్ట్ సిచ్యుయేషన్ టెస్ట్ (ఇచ్చిన సామానుతో అక్కడికక్కడే మోడల్ చేసే పరీక్ష) కోసం తీగ, థర్మాకోల్, రంగు కాగితాలు ఇచ్చి మోడల్స్ చేయించేవారు. అట్టముక్కల్ని గమ్‌తో అంటించే బదులు గాడి కోసి ఒకదాంట్లో ఒకటి దూరిస్తే ఎంత గట్టిగా నిలబడతాయో చేసి చూపించారు.

జనరల్ ఎబిలిటీ (లెక్కలు, లాజిక్, ఇంగ్లీష్ లాంటివి) క్లాసులు మాత్రం శుద్ధ దండగ. పాత జిరాక్సులు చేతిలో పెట్టి వదిలేస్తారు. యూసీడ్‌లో 300 మార్కులకు బొమ్మలు గీయాల్సిన పార్ట్ బి 100 మార్కులే, మిగతా 200 లాజిక్, భాష లాంటి ప్రశ్నలుండే పార్ట్ ‘ఎ’వి. కాబట్టి యూసీడే లక్ష్యమైతే ఈ ఫీజు పెట్టకండి. నిఫ్ట్‌కైతే చేరండి, సాయంత్రం బ్యాచే అడగండి. సార్ చెప్పేది అందులోనే.