మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ కలెక్షన్: విజయనగరం బ్యాచ్ రివ్యూ

2024లో వచ్చిన ఈ పాత క్యాప్‌కామ్ ఆర్కేడ్ (కాయినేసి ఆడే మెషీన్) వీడియోగేమ్స్ కలెక్షన్‌లో 7 గేమ్స్ ఉన్నాయి, ఎక్కువ ఫైటింగ్ గేమ్సే, గానీ మా గంటస్తంభం కుర్రోళ్ళు ఆడేది ఒక్కటే, మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2. 56 మంది క్యారెక్టర్లు, ముగ్గురేసి టీమ్, ఇంకేటి కావాలి చెప్పండి. రోస్టర్ (క్యారెక్టర్ల లిస్టు) పెద్దదే గానీ బ్యాలెన్స్ లేదు, మాగ్నెటో, స్టార్మ్, సెంటినెల్ తీస్కున్నోడిదే రాజ్యం, అందుకే మాలో ఆ ముగ్గుర్నీ బ్యాన్ చేసేసాం (ఒకడు ఇంకా ఏడుస్తన్నాడు).

ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్ కోసమైనా కొనొచ్చు, పాత ప్లేస్టేషన్‌లో మెమరీ చాలక ఫైట్ మధ్యలో పార్ట్‌నర్‌ని మార్చడమే తీసేసారు, జపాన్‌లో సెగా వాళ్ళ సాటర్న్ కన్సోల్‌లో అయితే 4 ఎంబీ ర్యామ్ కార్ట్రిడ్జ్ పెట్టి మరీ నడిపించారు, ఇందులో నేరుగా ఆర్కేడ్ వెర్షనే ఇచ్చేసారు. ఇందులోనే ఉన్న పనిషర్ మాత్రం ఫైటింగ్ గేమ్ కాదు, రౌడీల్ని కొట్టుకుంటా పోడమే, టైంపాస్. ఆర్కేడ్ స్టిక్ (ఆర్కేడ్ మెషీన్ లాంటి జాయ్‌స్టిక్, బటన్లు ఉన్న కంట్రోలర్) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి.