హనుమకొండలో ఆంప్లిఫయర్ చేయించుకున్నా: షాపుకు స్పీకర్ మోసుకుపోండి

మా పెద్దోడి పుట్టినరోజు నాడు రాత్రి పదింటికి ఎడమ స్పీకర్‌లో తాళాల చప్పుడు ఆగిపోయింది. పాట వస్తోంది, డప్పు వస్తోంది, పైన ఉండాల్సిన మెరుపు లేదు. తెల్లారి విప్పి చూస్తే ట్వీటర్, అంటే సన్నని పైసౌండ్లు పలికే చిన్న స్పీకర్, కాలిపోయి ఉంది. ఆంప్లిఫయర్ కొని మూడు నెలలే అయింది, డబ్బా మీద 3000 వాట్స్ పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ పవర్ అని కంపెనీలు చెప్పుకునే అంకె) అని వేలెడంత అక్షరాలు, అది అమ్మిన షాపుకు పోయి అడిగితే "సౌండ్ అంతగనం పెట్టుకుంటే మేమేం జేస్తం సార్" అని పంపించేశారు. ఆ షాపు పేరు రాయను, అక్షరాలు చూసి మోసపోయింది నేనే కదా.

దాని తర్వాత దొరికిన షాపు గురించే ఈ రాత. హనుమకొండ చౌరస్తా వెనక సందుల్లో ఉంటుంది. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయి చదవరాదు, ఆంప్లిఫయర్లు బాగుచేసే అన్న ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. లోపల ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి రోడ్డు మీదే. బండి పెట్టే జాగా అసలు లేదు.

"అన్నా, 200 వాట్లది మంచి ఆంప్లిఫయర్ కావాలె" అన్నాను. సోల్డరింగ్ మీద నుంచి తల ఎత్తలేదు. "ఏం స్పీకర్లు సారూ మీయి?" కంపెనీ పేరు చెప్పాను. "పేరు గాదు. వెనక ఏం రాసుంది, ఎన్ని ఓమ్‌లు, ఎన్ని డీబీ? రూము ఎంత?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "గట్లయితే ఇంటికి పోయి ఒక స్పీకర్ పట్కరాండ్రి, అప్పుడు మాట్లాడుదాం" అన్నాడు. కొనడానికి వచ్చినోణ్ని వెనక్కి పంపుతాడేందిరా అని చిరాకేసింది, అయినా మర్నాడు ఆటోలో టవర్ స్పీకర్‌ను ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని పోయాను. పాత ఆంప్లిఫయర్ కూడా తీసుకుపోయాను.

స్పీకర్ వెనక 8 ఓమ్‌లు, 87 డీబీ అని ఉంది. ఓమ్‌లంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క, డీబీ అంటే సౌండ్ కొలత (డెసిబెల్). 87 అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డీబీ సౌండ్ వస్తుందని. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డీబీనే. అన్న కాగితం మీద లెక్క వేసి చూపించాడు: 10 వాట్లకు 97, 100 వాట్లకు 107. మన చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డీబీ పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. 80 వాట్లది కాదని 160 వాట్లది కొంటే "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. మా రూము 12 బై 14, నేను కూర్చునేది పది అడుగుల దూరంలో, రోజూ వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లేనట. ఇది విని నాకు నవ్వొచ్చింది, 200 వాట్లు అడిగిన మనిషిని మరి.

అట్లని పది వాట్లది చాలని కాదు, నాకు ట్వీటర్ ఎందుకు కాలిందో అర్థమైంది ఇక్కడే. పాటలో డప్పు దెబ్బ పడ్డ ఆ క్షణానికి మామూలు కంటే పదుల రెట్లు పవర్ కావాలి. అంత ఇవ్వలేని ఆంప్లిఫయర్ సౌండ్ సిగ్నల్ అల పైభాగాన్ని కత్తిరించినట్టు చదును చేసేస్తుంది, ఆ చదునులోంచి పుట్టే హైఫ్రీక్వెన్సీ చెత్త అంతా నేరుగా ట్వీటర్‌కే పోతుంది. నా పాత డబ్బా మూత విప్పితే లోపల ఒక ఎస్‌టీకే 4141 ఐసీ (ఆంప్లిఫయర్ పని చేసే చిప్) ఉంది, ఛానల్‌కు 25 వాట్లది. 3000 ఎక్కడ, 25 ఎక్కడ! పీఎంపీఓకు పద్ధతంటూ లేదు, ఎంత రాయాలనిపిస్తే అంత రాసుకుంటారు, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) ఎంత, ఎన్ని ఓమ్‌ల మీద అని అడగాలి. చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్‌ను ఏం చేస్తుందిలే అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ.

ఓమ్‌ల సంగతి ఇంకొకటి. 8 అని రాసున్నా పాట మొత్తం 8 దగ్గరే ఉండదట, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 దాకా దిగుతుంది, అప్పుడు ఆంప్లిఫయర్ రెట్టింపు కరెంటు ఇచ్చుకోవాలి. అందుకని ఛానల్‌కు 80 వాట్లు చాలన్నాడు గానీ, ట్రాన్సిస్టర్లు మాత్రం ఒక జత బదులు రెండు జతలు వేస్తానన్నాడు. అవి తోషిబా కంపెనీ 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్లు. వీటికి నకిలీలు మార్కెట్ నిండా ఉన్నాయి, ఒక నకిలీదాన్ని పగలగొట్టి చూపించాడు, లోపలి చిప్ అసలుదాంట్లో సగం కూడా లేదు.

మా బావేమో గుడికి వాడే అహూజా తీసుకోరాదూ, ఇరవై ఏళ్లయినా చావదు అన్నాడు. నిజమే, చావదు. కానీ అది మైకులో మాటను పొడవాటి వైర్ల మీద హారన్లకు పంపడానికి చేసింది, ఇంట్లో పాటకు వేరే పని.

చివరికి నాకు చేసిచ్చింది క్లాస్ ఏబీ, అంటే పాతకాలం నుంచి ఉన్న ట్రాన్సిస్టర్ల పద్ధతి. 30-0-30 వోల్టుల టొరాయిడల్ (గారెలా గుండ్రంగా చుట్టిన) ట్రాన్స్‌ఫార్మర్ 5 ఆంపియర్లది, 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు, స్పీకర్ ప్రొటెక్షన్ రిలే. స్విచ్ వేసిన మూడు సెకన్లకు టిక్ అంటుంది, అప్పుడే స్పీకర్ కలుస్తుంది. ఆ రిలే లేకుండా ఎవరమ్మినా తీసుకోకండి, ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ నేరుగా వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కాయిల్‌కు పోయి తగలబెడుతుంది. మొత్తం 14,500, కొత్త ట్వీటర్ వేరే.

సౌండ్ గురించి పెద్ద మాటలు నాకు రావు. తక్కువ సౌండ్‌లో కూడా తబలా ఎడమ చెయ్యి, కుడి చెయ్యి విడివిడిగా వినిపిస్తున్నాయి, మా అమ్మ వంటింట్లోంచి "ఎవరొచ్చిన్రురా" అని అడిగింది, హాల్లో ఎవరూ లేరు, రేడియో నాటకం నడుస్తోంది.

లోపాలు కూడా ఉన్నాయి. ఊరికే ఆన్‌లో ఉన్నా వేడెక్కుతుంది, మే నెలలో దాని పక్కన కూర్చోలేం, షోకేసు అరలో పెట్టి తలుపు మూస్తే అంతే సంగతి. ఎండాకాలం సాయంత్రాలు మా గల్లీలో వోల్టేజ్ 190కి పడిపోతుంది, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి ఆంప్లిఫయర్ బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఈ బాధలు వద్దనుకునేవాళ్లకు టీపీఏ 3255 చిప్‌తో అరచేతంత క్లాస్ డీ (ట్రాన్సిస్టర్లను స్విచ్‌లా వేసి తీస్తూ నడిపే రకం) ఆంప్లిఫయర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వేడి తక్కువ, అడాప్టర్ వోల్టేజ్ తేడాలను పట్టించుకోదు, బిల్లూ తక్కువే. ఆ చిప్‌కు రాసే 300 పైచిలుకు వాట్లు మాత్రం 4 ఓమ్‌ల మీద, సౌండ్ బాగా చెదిరాక వచ్చే లెక్క. అందులోనూ ఇచ్చిన అడాప్టర్ ఎంతదైతే అంతే వస్తుంది. నేను ఏబీ వైపు పోవడానికి ఒకటే కారణం, పాడైతే చౌరస్తాకు తీసుకుపోయి ఇస్తా, వారంలో బాగై వస్తుంది.

వారం అన్నాను గానీ నాకు చెప్పింది పది రోజులు, ఇచ్చింది ఐదు వారాలకు. ఫోన్ చేస్తే ఎత్తడు. అడగకపోతే బిల్లు ఇవ్వడు, అడిగి రాయించుకోండి. ఆదివారం బంద్. వినాయక చవితి నుంచి బతుకమ్మ అయ్యేదాకా మాత్రం అటు పోకండి, షాపు నిండా కాలిన డీజే ఆంప్లిఫయర్లే, మన పెట్టె వాటి కింద ఎక్కడో ఉంటుంది.