శ్రీనగర్ తులిప్ గార్డెన్ రివ్యూ: ముందు పూల తేదీ చూడండి, తర్వాతే ఫ్లైట్ టికెట్

గార్డెన్‌కి అయిదుకి అయిదు. మమ్మల్ని తీసుకెళ్ళిన ప్యాకేజీకి రెండు. ఎందుకో చెప్తా, ఎందుకంటే ఈ వేసవికి హైదరాబాద్ నుంచి వెళ్దామనుకునేవాళ్ళు మా చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు, అందరూ ఫస్ట్ అడిగేది ఎంత ఖర్చవుతుంది అని, ఎప్పుడు వెళ్ళాలి అని ఎవరూ అడగట్లేదు. అసలు విషయమే అది.

దీని పూర్తి పేరు ఇందిరా గాంధీ మెమోరియల్ తులిప్ గార్డెన్, ఒకప్పుడు సిరాజ్ బాగ్ అనేవాళ్ళు. దాల్ లేక్ పక్కన జబర్వాన్ కొండల కింద మెట్లు మెట్లుగా దాదాపు 30 హెక్టార్లు, అంటే మన లెక్కలో 74 ఎకరాలు. 2023లో 15 లక్షల పూలు, 68 రకాలు ఉన్నాయని ఆసియాలోనే పెద్ద తులిప్ తోటగా లండన్ వాళ్ళ వరల్డ్ బుక్ ఆఫ్ రికార్డ్స్‌లో ఎక్కింది. ఇవన్నీ చదివితే అంకెలు, అక్కడ నిలబడితే మాత్రం ఎర్రది ఒక పట్టీ, పసుపు ఒక పట్టీ, మధ్యలో తెలుపు, అలా కొండ దాకా పోతూనే ఉంటుంది, ఎటు చూడాలో అర్థం కాదు.

కానీ ఇది ఏడాదంతా తెరిచి ఉండే పార్కు కాదండీ. మార్చి రెండో సగంలో తెరుస్తారు, ఇంచుమించు నెల రోజులు, అంతే, అయిపోతుంది. 2023లో మార్చి 19న తెరిచారు, 2024లో మార్చి 23న, 2025లో మార్చి 26న. ఏటా మారుతుంది, ఎందుకంటే చలి ఎప్పుడు తగ్గుతుందో దాన్ని బట్టే పూలు. దుంపలు అక్టోబర్ నవంబర్‌లోనే భూమిలో పెట్టేస్తారు, చలికాలం అంతా ఆ చల్లటి మట్టిలో ఉంటే తప్ప మొగ్గ రాదు, మన హైదరాబాద్ ఎండకి కుండీలో ఎంత పోషించినా లాభం లేకపోయేది అందుకే. ముందు పూసేవి, మధ్యలో పూసేవి, చివర్లో పూసేవి అని కలిపి నాటుతారు కాబట్టి తోట మొత్తం మూడు నాలుగు వారాలు నడుస్తుంది. తెరిచిన మొదటి రోజుల్లో వెళ్తే సగం మళ్ళు పచ్చటి మొగ్గలే, ఏప్రిల్ 20 దగ్గర వెళ్తే రేకులు రాలిన కాడలు. గట్టి వాన పడినా, ఎండ ఒక్కసారిగా పెరిగినా ఇంకా ముందే అయిపోతుంది. నా మాట వినండి, తెరిచారన్న వార్త వచ్చాక వారం పది రోజులు వదిలేసి ఆ తర్వాతి వారం పెట్టుకోండి, చాలా ఏళ్ళలో అది ఏప్రిల్ మొదటి వారమే అవుతుంది.

ఇక్కడే మనవాళ్ళకి చిక్కు. పిల్లలకి అప్పుడు ఒంటిపూట బడులు, పరీక్షలు, వేసవి సెలవులు ఇచ్చేసరికి తోట అయిపోతుంది. కొందరు ఉగాది సెలవుకి కలిపి ప్లాన్ చేస్తారు, అదీ నమ్మకూడదు, 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30నే వచ్చేసింది, పండగ పంచాంగం ప్రకారం వస్తుంది, పూలు వాతావరణం ప్రకారం వస్తాయి. చిన్న క్లాసుల పిల్లలైతే టీచర్‌తో మాట్లాడి ఒక మూడు నాలుగు రోజులు సెలవు పెట్టించండి. టెన్త్, ఇంటర్ పిల్లలున్న ఇల్లయితే ఈ ఏడాదికి వదిలేయడమే మంచిది, మే నెలలో కాశ్మీర్ వెళ్ళొచ్చు, బాగుంటుంది కూడా, కానీ తులిప్స్ ఉండవు. మే టూర్‌కి తులిప్ ఫోటోలు పెట్టి అమ్మే ట్రావెల్స్ వాళ్ళున్నారు, దయచేసి తేదీ అడగండి.

ఇప్పుడు ప్యాకేజీ సంగతి. మేము బుక్ చేసిన ట్రావెల్స్ వాళ్ళు, పేరెందుకులెండి, తులిప్ గార్డెన్, ఇంకా దగ్గర్లోని పాత మొఘల్ తోటలు చష్మే షాహీ, పరీ మహల్, నిషాత్, షాలిమార్ అన్నీ ఒకే రోజు పెట్టారు, తులిప్ గార్డెన్‌కి గంట. డెబ్బై నాలుగు ఎకరాలకి గంట ఏంటండీ! గేటు దగ్గర క్యూలోనే టైం పోయింది, లోపల మా అత్తమ్మ రెండో మెట్టు కూడా ఎక్కకముందే డ్రైవర్ ఫోన్. ఆయన్ని అనడానికి లేదు, ఆయనకిచ్చిన షెడ్యూల్ అది. గట్టిగా మాట్లాడి షాలిమార్ తీయించేసి అక్కడే ఉండిపోయాం. షాలిమార్ జహంగీర్ కట్టించిన తోట, గొప్పదే, కాదనను, కానీ అది ఎండాకాలంలో కూడా ఉంటుంది, చినార్ ఆకులు ఎర్రబడే అక్టోబర్‌లో ఇంకా బాగుంటుంది. తులిప్స్ అలా ఆగవు కదా. బుకింగ్ అప్పుడే తులిప్ గార్డెన్‌కి సగం రోజు అని కాగితం మీద రాయించుకోండి.

సగం రోజు ఎందుకు అంటారా, పొద్దున తెరవగానే చలికి పూలన్నీ ముడుచుకుని ఉంటాయి, కోడిగుడ్డు నిలబెట్టినట్టు ఉంటుంది ఒక్కోటి. ఎండ తగిలేకొద్దీ రేకులు విచ్చుకుంటాయి, లోపల అడుగున నల్లగానో పసుపుగానో మచ్చ, దాని మధ్య నల్లటి కేసరాలు, అది పైనుంచి వంగి చూస్తేనే కనిపిస్తుంది. కొన్ని రకాలకి రేకు అంచు కత్తిరించిన కుచ్చులా ఉంటుంది, కొన్ని చామంతిలా ముద్దగా రేకుల మీద రేకులు. అందుకే పొద్దున్నే వెళ్ళి జనం రాకముందు ఫోటోలు తీసుకుని, కాసేపు కూర్చుని, విచ్చుకున్నాక మళ్ళీ ఒక చుట్టు తిరగాలి. వీకెండ్ వద్దు, అక్కడి జనమే కుటుంబాలతో వస్తారు, నడవడానికి దారి ఉండదు.

మా అత్తమ్మ అయితే వంగి వాసన చూసి "గింత అందమున్నది, వాసన లేదేందే బిడ్డా" అని చాలా డీలా పడిపోయింది. తులిప్స్‌లో చాలా రకాలకి వాసన ఉండదు. కాస్త అవతల హయసింత్ మళ్ళు ఉన్నాయి, నీలం, గులాబీ, తెలుపు, గుత్తులు గుత్తులుగా పొట్టిగా ఉంటాయి, వాటి దగ్గరికి తీసుకెళ్ళా. అంతే, అక్కడి నుంచి కదలదే! అందరూ తులిప్స్ దగ్గర సెల్ఫీలు దిగి హయసింత్ దాటేసి వెళ్ళిపోతున్నారు, మీరు మాత్రం ఆగండి. డాఫడిల్స్ కూడా ఉంటాయి. పూలు కోయడం, మడిలోకి దిగడం కుదరదు, గార్డులు విజిల్ వేస్తూనే ఉంటారు, మంచి పనే, లేకపోతే మధ్యాహ్నానికి ఏమీ మిగలదు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఒక మాట, తోట ఏటవాలు మీద ఉంటుంది, కింది మెట్టు నుంచే చాలా కనిపిస్తుంది, పైదాకా ఎక్కాలని పట్టు పట్టొద్దు. లోపల కహ్వా దొరుకుతుంది, కుంకుమపువ్వు, యాలకులు, దాల్చినచెక్క, బాదం వేసిన టీ, మా అత్తమ్మకి చాయ్‌లో పాలు లేకపోతే గిట్టదు, అయినా రెండు తాగింది.

బట్టలు. మనకిక్కడ ఏసీ వేసుకునే రోజులు, అక్కడ పొద్దున వణుకు, పైగా మార్చి ఏప్రిల్ అక్కడ వానల టైం. స్వెటర్ల కోసం మార్చిలో వెతికితే ఇక్కడ దొరకవు, చలికాలంలో టిబెటన్లు దుకాణాలు పెడతారు కదా, అప్పుడే తీసి పెట్టుకోండి. గొడుగు, జారని బూట్లు తప్పనిసరి, తడిస్తే గట్టు మీద మట్టి జారుతుంది. శ్రీనగర్‌లో కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి, ఒక రోజు వాన మింగేసినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది ఫోన్. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. ఇంట్లో ఒక్కరిదైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి, లేకపోతే డ్రైవర్‌కి ఫోన్ చేయడానికి కూడా హోటల్ వైఫై వెతుక్కోవాలి.

ఫ్లైట్ శంషాబాద్ నుంచి ఎక్కువగా ఢిల్లీలో మారాల్సి వస్తుంది, మధ్యలో గ్యాప్ తక్కువ ఉన్నది తీసుకోవద్దు. వైష్ణోదేవికి వెళ్ళేవాళ్ళకి ఇప్పుడు ఇంకో దారి ఉంది, 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ మొదలైంది, దాదాపు మూడు గంటలు, చీనాబ్ బ్రిడ్జి మీద నుంచి పోతుంది. రోడ్డు మీద మాత్రం ఈ సీజన్‌లో పెట్టుకోకండి, మన మేడ్చల్ మీదుగా పోయే 44 నంబర్ హైవే మొదలయ్యేది శ్రీనగర్‌లోనే, కానీ జమ్మూ శ్రీనగర్ మధ్య వాన పడితే కొండచరియలు విరిగి గంటల కొద్దీ ఆగిపోతుంది.

భయం సంగతి కూడా రాయాలి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో టూరిస్టుల మీద జరిగిన ఉగ్రదాడి తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళు వద్దనడం సహజం, ఆ తర్వాత చాలా టూరిస్ట్ ప్లేసులు కొన్నాళ్ళు మూసేశారు కూడా. టికెట్ తీసుకునే ముందు ప్రభుత్వం ఏం చెప్తోందో, ఏవి తెరిచి ఉన్నాయో చూసుకోండి, కుటుంబంలో ఒక్కరికి మనసు ఒప్పకపోయినా బలవంతం చేయకండి.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ ఎయిర్‌పోర్ట్‌కి చాలా ముందు చేరాలి. బిల్డింగ్ ఇంకా దూరం ఉండగానే గేటు దగ్గర అందరినీ దింపి బ్యాగులన్నీ స్కాన్ చేస్తారు, లోపల మళ్ళీ చెకింగ్. పెద్దవాళ్ళు ఉంటే ఫ్లైట్‌కి మూడు గంటల ముందే ఆ గేటు దగ్గర ఉండేలా హోటల్ నుంచి బయల్దేరండి.