కార్చిచ్చు పసిగట్టే వైర్‌లెస్ సెన్సార్ కిట్: మంట పెట్టి చూసే ముందు

చెట్టుకు కట్టే ఈ డబ్బా పొగను చూడదు, వాసన పడుతుంది. లోపల ఉన్నది బాష్ కంపెనీ బీఎంఈ688 చిప్. 3 మిల్లీమీటర్ల చదరంలోనే సన్నని హీటర్, దాని మీద లోహ ఆక్సైడ్ పొర. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఆవిరయ్యే కర్బన పదార్థాలు తగిలితే ఆ పొర విద్యుత్ నిరోధం పడిపోతుంది. ఈ వాయువులు ఎక్కువగా వచ్చేది అరకొరగా కాలేటప్పుడే. కాబట్టి భగ్గుమనే మంట కన్నా నివురుగప్పిన నిప్పును ముందు పట్టాలి. కొనేవాళ్లు పరీక్షించాల్సింది కూడా దాన్నే. ఎండుగడ్డి కుప్పకు నిప్పంటించి సెన్సార్‌ను మోగించడం అమ్మకందారుకు చిటికెలో పని.

బిగింపు వరకు కిట్‌కు మంచి మార్కులే పడతాయి. సోలార్ పలక, కరెంటును నిల్వ చేసే సూపర్ కెపాసిటర్ ఉన్నాయి కాబట్టి బ్యాటరీ మార్చే బెడద లేదు. అయితే దట్టమైన నీడలో వారం పాటు కెపాసిటర్ వోల్టేజీ నమోదు చేశాకే ఆ మాట నమ్మాలి. భూమికి 3 మీటర్ల ఎత్తున, పలక వెలుతురు వైపు ఉండేలా కట్టాలి. సెన్సార్ల సందేశాలు అందుకునే పెట్టె అయిన గేట్‌వేకు యాంటెన్నా బిగించకుండా కరెంటు ఇవ్వకూడదు, రేడియో భాగం దెబ్బతింటుంది. డబ్బా మూత దగ్గర సిలికాన్ సీలెంట్ పూయడం మరో పొరపాటు. ఆ ఆవిరికి ఆక్సైడ్ పొర మొద్దుబారుతుంది, మళ్లీ కోలుకోదు. కొన్ని హ్యాండ్ క్రీముల్లోనూ సిలికాన్ ఉంటుంది, చేతులు కడుక్కునే పట్టుకోవాలి.

కొత్త చిప్ రీడింగు మొదటి రెండు రోజులు నిలకడగా ఉండదు. అది కుదురుకున్నాక కనీసం ఏడు రోజులు ఏ మంటా లేకుండా నడపాలి. తెల్లవారుజామున తేమకు, మధ్యాహ్నం ఎండకు, వాన వెలిశాక నేల వాసనకు రీడింగు గీత ఎలా కదులుతుందో ఆ వారంలోనే తెలుస్తుంది. తొందరపడి ఈ వారాన్ని ఎగ్గొడితే తర్వాత వచ్చే ప్రతి అలారం మీదా వాదనే.

ఇంధనాన్ని తూచి పెట్టాలి. ఇనుప ట్రేలో 500 గ్రాముల రాలిన ఆకులు చాలు. అదే కుప్పలోంచి 50 గ్రాములు తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టాలి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి నూరుతో గుణిస్తే తేమ శాతం వస్తుంది. పది శాతం లోపు ఒక రకం, ఇరవై దాటింది ఇంకో రకం, ఒక్కోటి కనీసం మూడుసార్లు. మండే ఇంధనాన్ని చుక్కలుగా రాల్చి నిప్పంటించే డ్రిప్ టార్చ్ వాడొద్దు. అందులోని డీజిల్, పెట్రోల్ ఆవిరికే సెన్సార్ లేచి కూర్చుంటుంది. అగ్గిపుల్ల, పిడికెడు ఎండు చితుకులు చాలు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ ఈ సెన్సార్‌ను మోసం చేయడానికి ఆన్‌లో ఉన్న జీపు ఒక్కటి చాలు. బండ్లు గాలివాలు దిగువన, దూరంగా ఆపాలి.

గాలివాలు వైపు 10, 25, 50, 100 మీటర్ల దూరాల్లో ఒక్కో సెన్సార్, గాలికి ఎదురుగా 50 మీటర్ల దూరంలో మరొకటి పెట్టాలి. ఆ చివరిది మోగితే మిగతావన్నీ అనుమానాస్పదమే. గాలి వేగం, దిక్కు పది సెకన్లకోసారి నమోదు కావాలి. పొగపాయ పది మీటర్లు పక్కకు జరిగితే సెన్సార్‌కు ఏమీ అందదు, దాన్ని సెన్సార్ వైఫల్యంగా రాయడం అన్యాయం. అందుకే ప్రతి సెన్సార్ పక్కనే విడిగా కార్బన్ మోనాక్సైడ్ మీటరు ఉంచాలి. పొగ అక్కడికి చేరిందా లేదా అన్నది అదే చెబుతుంది. గడియారాలన్నీ జీపీఎస్ సమయానికి కలపాలి. నిప్పంటించిన క్షణం, మీటరు కదిలిన క్షణం, అలారం గేట్‌వేకు చేరిన క్షణం మూడూ వేర్వేరుగా రాయాలి.

కిట్ తడబడేది రేడియో దగ్గర. తక్కువ కరెంటుతో దూరం పంపే లోరా రేడియోలో 12 బైట్ల సందేశం, వేగమైన ఎస్‌ఎఫ్7 అమరికలో సుమారు 60 మిల్లీసెకన్లలో వెళ్తుంది, నెమ్మదైనా ఎక్కువ దూరం చేరే ఎస్‌ఎఫ్12లో దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. మొత్తం సమయంలో 1 శాతమే ప్రసారం చేయాలన్న పరిమితి ఉన్న బ్యాండ్లలో, ఎస్‌ఎఫ్12 సందేశం ఒక్కటి పంపాక రెండున్నర నిమిషాలు నోరు మూసుకోవాలి. పొగ వచ్చినప్పుడు పది సెన్సార్లు ఒకేసారి అరుస్తాయి, సందేశాలు ఢీకొని పోతాయి. ఒక్క సెన్సార్‌తో చేసే ప్రదర్శనలో ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. ఆకులు తడిసిన రోజున, గేట్‌వేకు దూరంగా ఉన్న సెన్సార్లతోనూ చూడాలి.

అటవీ, అగ్నిమాపక శాఖల అనుమతి చేతికొచ్చాకే ట్రే కదలాలి. చుట్టూ 3 మీటర్ల మేర మట్టి తేలేలా చెక్కాలి, నీళ్ల గొట్టం ముందే నింపి ఉంచాలి. ఆర్పాక బూడిదను నీళ్లతో కలియబెట్టి, ముందు ట్రేకు తగలకుండా దాని పైన చేతి వెనుక భాగం ఉంచి సెగ లేదని చూసి, ఆ తర్వాతే బూడిదను తాకి చూడాలి.

ఇక కొనాలా వద్దా అంటే, అలారం ఒక్కటే చూపించి ముడి రీడింగులు దాచే రకమైతే వద్దు. నిరోధం, తేమ, ఉష్ణోగ్రత, సమయం నాలుగూ ఫైలుగా దించుకునే వీలుంటే ముందు ఆరు సెన్సార్లు, ఒక గేట్‌వే తీసుకోవచ్చు: పైన చెప్పిన ఐదు చోట్లకు ఐదు, పాడైతే మార్చడానికి ఒకటి.